మంచం కింది పెట్టెలు

ఎండాకాలం వచ్చిందంటే మా ఇంట్లో మంచం కింద చీపురు దూరేది కాదు. ముంబై పక్కన భివండీలో మా తెలుగువాళ్లు పెళ్లిళ్లకనీ, పెద్దమ్మ పండుగకనీ, అన్నదమ్ముల పంపకాలకనీ ఊరికి బయలుదేరేది అప్పుడే. ఊరంటే సిరిసిల్ల, జగిత్యాల వైపు. ఖోలీకి తాళం వేసి అన్ని రోజులు పోవాలంటే ఎవరికైనా మనసొప్పదు. అందుకని ఇంట్లో ఉన్న నాలుగు విలువైన వస్తువులూ ఒక రేకు పెట్టెలో సర్ది, తాళం వేసి, తెచ్చి మా అమ్మ మంచం కింద పెట్టి పోయేవాళ్లు.

మా అమ్మ దగ్గరే ఎందుకంటే, ఆమె ఎప్పుడూ ఇంట్లోనే ఉంటుంది. భివండీలోని కనేరి వాడలో మాది రెండో అంతస్తులో రెండు గదుల ఇల్లు. కింద సాంచాలు నడుస్తాయి; మరమగ్గాలను మావాళ్లు సాంచాలనే అంటారు. బాపు ఆ సాంచాల మీదే బతికి, ఆ సాంచాల దగ్గరే ఛాతీ పట్టుకుని కూలబడి పోయాడు. అప్పటినుంచి అమ్మ గడపలో కూర్చుని, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతూనే ఉంది. ఆమెను దాటకుండా పిల్లి కూడా లోపలికి రాలేదు.

రెండో కారణం ఆమె నోరు. మా బిల్డింగులో చాలామందికి నోట్లో నువ్వుగింజ నానదు. అమ్మ అలా కాదు. పెట్టెలో ఏముందని తెచ్చినవాళ్లను అడగదు. తాళంచెవి తీసుకోదు, అది వాళ్ల దగ్గరే ఉండాలి. ఏ పెట్టె ఎవరిదో ఎవరికీ చెప్పదు. నాకు కూడా. ఆమెకు చదువు రాదు కాబట్టి గుర్తుకోసం పెట్టె గొళ్లెం కడికి ఒక దారం కట్టేది. కింది సాంచాల్లో తెగిపడిన రంగు దారాలకు కొదవ లేదు. ఒకరికి ఎరుపు, ఒకరికి పసుపు, ఒకరికి పచ్చ. ఊరినుంచి తిరిగొచ్చినవాళ్లు నాలుగు సర్వపిండి ముక్కలు తెచ్చి ఇచ్చి, పెట్టె అడిగితే, అమ్మ దారం విప్పి అప్పగించేది. దారం విప్పిందంటే ఇక తన బాధ్యత తీరినట్టు.

చిన్నప్పుడు నాకు ఆ పెట్టెల మీద చెప్పలేనంత కుతూహలం ఉండేది. ఒకసారి మంచం కింద దూరి ఒకదాన్ని ఊపి చూశాను. అమ్మ నా వీపు విమానం మోత మోగించింది. "మంది సొమ్ము ముట్టుకుంటే చేతులకు పుండ్లైతయ్" అంది. ఆ మాట నిజమని నేను చాలా ఏళ్లు నమ్మాను.

పెద్దయ్యాక నాకు దొరికిన ఉద్యోగం కూడా మంది సొమ్ము కాపలా కాసేదే. ఊరి బయట మాన్కోలిలో, జనం ఫోన్లలో చూసి కొనే వస్తువులను నిలవ చేసే పెద్ద గోదాములో, లోపలికి వచ్చిన సరుకు, బయటికి పోయిన సరుకు లెక్క సరిపోయిందా లేదా కంప్యూటర్లో చూసే పని. మా వంశంలో మెడలో కార్డు వేసుకుని ఏసీ గదిలో కూర్చున్న మొదటి మనిషిని నేనే. అమ్మ ఆ కార్డును రాత్రిపూట దేవుడి పటాల పక్క మేకుకు తగిలించేది. నేను నవ్వేదాన్ని కానీ తీసేదాన్ని కాదు.

గోదాములో ఖరీదైన సామానుకు జాలీ వేసిన ప్రత్యేకమైన గది ఉంది. ఆ తలుపు కొన్ని కార్డులకే తెరుచుకుంటుంది. నాది అందులో ఒకటి. కిందటేడు వేసవి మొదట్లో ఆ గదిలో ఉండాల్సిన ఫోన్ల పెట్టె ఒకటి లేదని తేలింది. కంపెనీ పోలీసులకు ఫిర్యాదు ఇచ్చింది. కార్డులున్న మమ్మల్నందరినీ ఒక్కొక్కరిగా పిలిచి, ఇది మామూలు విచారణే, కంగారు పడొద్దని మంచినీళ్లిచ్చి మరీ చెప్పారు. అంత మర్యాదగా మాట్లాడినప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

పోలీసులు మా ఇంటికి వచ్చింది శుక్రవారం పొద్దున. శుక్రవారం సాంచాలకు సుట్టి, అంటే సెలవు. మిగతా రోజుల్లో మా బిల్డింగులో పక్కన నిలబడ్డ మనిషి మాట వినాలన్నా కేక వేయాలి. శుక్రవారం మాత్రం పై అంతస్తులో గ్లాసు కిందపడితే కింద వినిపిస్తుంది. ఒక అధికారి, ఇద్దరు కానిస్టేబుళ్లు, ఒక మహిళా కానిస్టేబులు, వాళ్ల వెనక మా కంపెనీ సెక్యూరిటీ ఆయన మెట్లెక్కి వచ్చేసరికి, అన్ని తలుపులూ ముందు తెరుచుకున్నాయి, తర్వాత మూసుకున్నాయి.

సోదా చేయాలంటే చుట్టుపక్కలవాళ్లు ఇద్దరు పంచులుగా, అంటే సాక్షులుగా, నిలబడాలి. ఒక కానిస్టేబులు కిందికి పోయి కిరాణా దుకాణం ఆయనను తీసుకొచ్చాడు. రెండో మనిషిగా ఎదురింటి మామను పిలిచారు. ఆయన నాకు మామ, అమ్మకు అన్న. రక్తసంబంధం లేదు, అమ్మ ఏటా రాఖీ కట్టే అన్న. నాలుగు సాంచాల సేటు, బిల్డింగులో పెద్దమనిషి. ఆయన లోపలికి వచ్చి నిలబడేసరికి నాకు ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను. మా మనిషి ఒకడు గదిలో ఉన్నాడు, ఇక చాలు అనుకున్నాను.

మహిళా కానిస్టేబులు కపాటులో నా బట్టలన్నీ ఒక్కొక్కటి దులిపి మంచం మీద పడేసింది. లోపల వేసుకునేవి కూడా. ఒక కానిస్టేబులు దాన్నంతా తన ఫోన్లో వీడియో తీస్తున్నాడు. ఇప్పుడు అలా తీయాలట, చట్టం. బియ్యం డబ్బా బోర్లించారు. దేవుడి పటాల వెనక చెయ్యి పెట్టి చూశారు. అమ్మ తడిగుడ్డలో చుట్టిపెట్టిన తునికాకు కట్ట విప్పి, చూసి, మళ్లీ కట్టకుండా వదిలేశారు. ఆకు ఎండిపోతే ముక్కలైపోతుంది. అమ్మ కళ్లు ఆ ఆకు మీదే ఉన్నాయి.

తర్వాత అధికారి వంగి మంచం కిందికి చూశాడు.

ఆ ఏడు అప్పటికి ముగ్గురే ఊరికి పోయే హడావుడిలో ఉన్నారు కాబట్టి మూడే పెట్టెలు. బయటికి లాగారు. మూడింటికీ తాళాలు, మూడింటికీ రంగు దారాలు. అధికారి ఆ దారాలను వేలితో పట్టుకుని చూసి, ఇవేంటని అడిగాడు. గుర్తులని అమ్మ తన భివండీ హిందీలో చెప్పింది. దేనికి గుర్తులు? ఎవరి పెట్టెలు? "మేరా నహీ. రఖ్‌నే కో దియా" అంది అమ్మ. నావి కావు, దాచమని ఇచ్చారు. ఎవరిచ్చారు? అమ్మ తునికాకు మీదికి తడిగుడ్డ లాగింది. తాళంచెవులు ఏవి? నా దగ్గర ఉండవంది.

ఇప్పుడు ఆలోచిస్తే ఆ అధికారి మీద కూడా పెద్దగా కోపం రాదు. దొంగ సొత్తు వెతుకుతూ వచ్చిన మనిషికి, మంచం కింద తాళాలు వేసిన పెట్టెలు, వాటికి రహస్య గుర్తులు, చెవులు లేవు, పేర్లు చెప్పరు. ఇంతకన్నా ఏం కావాలి? "మావ్‌శీ, నావ్ సాంగా" అన్నాడు మరాఠీలో, కాస్త నెమ్మదిగానే. పేర్లు చెప్పమని.

"అమ్మా, చెప్పవే" అన్నాను నేను. "వాళ్లనే పిలిచి తెరిపిస్తరు గదా. ఏమైతది?"

"ఎవలింట్ల ఎంత బంగారమున్నదో బిల్డింగంత తెల్వాల్నా? నేను చెప్ప బిడ్డా."

"పోలీసులే వాళ్లు!"

"అయితేంది? వాళ్లు పెట్టిపోయిననాడు పేరు చెప్తనని నేను అనలే."

ఆ మాట తెలుగులోనే అంది కాబట్టి పోలీసులకు అర్థం కాలేదు. మామకు అర్థమైంది.

కింద సాంచాల కార్ఖానా నుంచి సుత్తి తెప్పించారు. శుక్రవారం కాకపోయి ఉంటే ఆ దెబ్బలు ఎవరికీ వినపడేవి కావు. ఆ రోజు ప్రతి దెబ్బా కింది వాకిలి దాకా వినిపించింది. పసుపు దారం పెట్టెలో ఇత్తడి చెంబులు, పట్టుచీరలు. ఎర్రదారం పెట్టెలో చిన్నపిల్లల సాక్సులో చుట్టిన బంగారు గుండ్ల దండ. వాటిని చూసి పక్కన పెట్టేశారు. పచ్చదారం పెట్టెలో పైన శాలువా, దాని కింద రెండు చీరలు, చీరల కింద సీలు కూడా తీయని కొత్త ఫోన్ల డబ్బాలు రెండు.

మా సెక్యూరిటీ ఆయన ముందుకొచ్చి డబ్బా తిప్పి చూసి, పోయినవీ ఇదే కంపెనీ ఫోన్లు, ఇదే మోడలు అన్నాడు. అధికారి నావైపు చూశాడు. వీడియో తీస్తున్న ఫోను కూడా నావైపు తిరిగింది.

ఇప్పుడు తెలిసి రాస్తున్నాను కాబట్టి దాచడం ఎందుకు, ఆ పెట్టె ఎదురింటి మామది. ఊరిలో ఆయన తోడబుట్టిన చెల్లెలి కొడుకుల పెళ్లి. ఇద్దరికీ చెరొకటి ఇద్దామని ధామన్కర్ నాకా కూడలిలోని దుకాణంలో కొన్నాడు. ఇంట్లో పెడితే సొంత కొడుకులు సీలు చింపి వాడేస్తారని, బయలుదేరే దాకా మా మంచం కింద దాచాడు. ఆ రోజు నేను దొంగను కానని ఈ లోకంలో రుజువుతో సహా తెలిసిన మనిషి ఒకే ఒక్కడు. ఆయన్నే తెచ్చి సాక్షిగా నిలబెట్టారు.

అమ్మ ఆయన వైపు ఒక్కసారి చూసింది. అప్పుడు నాకు ఆ చూపు అర్థం కాలేదు, ఎందుకు ఆయన్ను చూస్తోందో అనుకున్నాను. మామ గోడకున్న క్యాలెండరును చదువుతున్నాడు. దానిమీద పాలాయన రాని రోజులకు అమ్మ కొట్టిన బొగ్గు గీతలు తప్ప చదవాల్సినంత ఏమీ లేదు. చాలాసేపు చదివాడు. అమ్మ తల దించుకుని తన ఒళ్లోకి చూసుకుంది. తర్వాత పంచనామా రాశారు. ఈ వస్తువులు ఫలానా వాళ్ల ఇంట్లో, మా కళ్లముందు దొరికాయని రాసిన చోట మామ సంతకం పెట్టాడు. తెలుగులో పెట్టాడు. ఆయన సంతకం పెళ్లిపత్రిక మీద అక్షరాల మాదిరి ముద్దుగా ఉంటుంది.

నన్ను స్టేషనుకు రమ్మన్నారు. మెట్లు దిగుతుంటే తలుపుల వెనక మనుషులు ఉన్నారని తెలుస్తూనే ఉంది. వాళ్లలో చాలామంది నన్ను ఎత్తుకుని పెంచినవాళ్లే. ఒక్క తలుపు తీస్తే చాలు, ఒక్కరు "ఎటువోతున్నవ్ బిడ్డా" అంటే చాలు అనుకుంటూ దిగాను. ఎవరూ తీయలేదు. వెనక అమ్మ మాత్రం చెప్పులు వేసుకోవడం కూడా మరిచిపోయి వచ్చింది.

స్టేషనులో నన్ను కొట్టలేదు, తిట్టలేదు. బల్లమీద కూర్చోబెట్టి అడిగిందే అడిగారు. ఆ డబ్బాలు ఎవరివి? తెలియదన్నాను. మీ ఇంట్లో మీ మంచం కింద ఉన్నవి మీకు తెలియవా అన్నారు. తెలియదు అనే మాట నిజమే అయినా పదిసార్లు చెప్పేసరికి నాకే అబద్ధంలా వినిపించడం మొదలైంది. ఫోన్ల మీది నంబర్లు కంపెనీ రికార్డుతో పోల్చాలని, దానికి సమయం పడుతుందని, ఊరు దాటిపోవద్దని చెప్పి సాయంత్రానికి పంపించారు. నా సొంత ఫోను వాళ్ల దగ్గరే ఉంచుకున్నారు.

రిక్షాలో అమ్మ నా చెయ్యి పట్టుకుంటే విడిపించుకున్నాను. ఇంటికి వచ్చి తలుపు వేశాక అడిగాను.

"ఎవలిదే ఆ పెట్టె?"

"పెట్టిపోయినోళ్లది."

"నన్ను జైల్ల ఏసినా చెప్పవా?"

అమ్మ నా ముఖంలోకి చూసింది. "నువ్వు తీసినవా?"

"నేనెందుకు తీస్త!"

"మరి జైల్ల ఎందుకేస్తరు?" అంది. వెటకారం కాదు. నిజంగానే అడిగింది. అడిగి, నేల మీద చిందరవందరగా పడి ఉన్న నా బట్టలు తీసి మడతపెట్టడం మొదలుపెట్టింది.

నాకు ఆ రాత్రి అన్నం సహించలేదు. పోలీసులు అనుమానించారు, కంపెనీ అనుమానించింది, అది వాళ్ల పని. కన్నతల్లి ఒక్క పేరు చెబితే నేను బయటపడతాను, ఆ పేరు ఆమె నాలుక మీద ఉంది, చెప్పదు. అంత ఒంటరితనం నాకు బాపు పోయినప్పుడు కూడా తెలియలేదు. ఒకే గదిలో పడుకుని ఒకరి ఊపిరి ఒకరికి వినిపిస్తూ మేమిద్దరం చెరో ఊళ్లో ఉన్నట్టు ఉన్నాం.

బళ్లో పౌరశాస్త్రం మరాఠీలో చదివాను. నేరం రుజువయ్యేదాకా ప్రతి మనిషీ నిర్దోషే అన్న వాక్యం పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. చట్టం ఆ మాట మీద నిలబడిందనే చెప్పాలి. నన్నెవరూ దొంగ అనలేదు. మా బిల్డింగులోనూ ఎవరూ అనలేదు. మర్నాడు పసుపు దారం పెట్టె వాళ్లు వచ్చి, "ఊరికి పోవుడు కాన్సల్ అయింది వదినె, సందూగ తీస్కపోతం" అన్నారు. అమ్మ దారం విప్పి ఇచ్చింది. ఆ తర్వాత ఎర్రదారం వాళ్లు వచ్చారు. వాళ్లు గుండ్ల దండ సాక్సు లోంచి తీసి, గుండ్లు లెక్కపెట్టుకున్నారు. అమ్మ ఎదురుగానే. అమ్మ అటు తిరిగి ఆకు కత్తిరించుకుంటూ ఉండిపోయింది. ఊరికి పోవడం కాన్సల్ అయిందన్నవాళ్లు ఆ వారమే పోయారని పాలాయన చెప్పాడు.

మధ్యాహ్నం పూట అమ్మ దగ్గర కూర్చుని బీడీలు చుట్టే ఇద్దరు ఆడవాళ్లకు ఉన్నట్టుండి మోకాళ్ల నొప్పులు మొదలయ్యాయి, మెట్లెక్కలేమన్నారు. పై అంతస్తు దాకా ఎక్కుతూ మాత్రం నాకు కనిపించారు. కంపెనీ నన్ను ఇంట్లోనే ఉండమంది. నా కార్డు ఏ తలుపూ తెరవకుండా చేశారని తోటి ఉద్యోగి ఒకతను అమ్మ ఫోనుకు కబురు పంపాడు. ఆ తర్వాత అతను కూడా ఫోను చేయలేదు. అమ్మ కార్డును దేవుడి పక్క మేకుకే ఉంచింది. నేను తీసి కపాటులో పడేశాను. మళ్లీ తగిలించింది.

ఆ రోజుల్లో నేను చేసిన పని ఏమీ లేదు. కిటికీలోంచి చూసేదాన్ని. సాంచాల మోత పొద్దున్నుంచి చెవుల్లో పడుతుంటే కాస్త నయంగా ఉండేది. ఎవరూ పలకరించడం లేదన్న సంగతి మోతలో తెలిసేది కాదు. శుక్రవారాలు మాత్రం భరించలేకపోయేదాన్ని. వరండాలో ఎవరి అడుగులు వినిపించినా మా గడప ముందు ఆగుతాయేమోనని చూసేదాన్ని. మా గడప దగ్గరికి వచ్చేసరికి అడుగులు వేగం పెరిగేవి.

అలాంటి ఒక శుక్రవారం నేను స్నానాల గదిలో ఉండగా ఎదురింటి అత్త, అంటే మామ భార్య, వచ్చింది. నేను ఇంట్లో లేననుకుందేమో.

"వదినె, ఆ సందూగ మాదని ఎవ్వలకు చెప్పకు. నీ కాళ్లు మొక్కుత. ఆయనకు నిద్ర వడ్తలేదు. మాదంటే మమ్ముల గుంజుకపోతరని భయపడ్డడు. గిప్పుడు చెప్తె, గప్పుడెందుకు సంతకం వెట్టినవని అడుగరా?"

"ఇన్నొద్దులు చెప్పిన్నా వదినె?" అంది అమ్మ. "నువ్వు ఇంటికి వో."

అత్త గడప దాటేసరికి నేను తడి జుట్టుతోనే బయటికి వచ్చాను. అమ్మ నన్ను చూసి చాట పక్కన పెట్టింది. నా నోటికి ఎంత మాట వస్తే అంత అన్నాను. మామను అన్నాను, అత్తను అన్నాను, రాఖీని అన్నాను, చివరికి అమ్మను అన్నాను. ఇప్పుడే పోయి స్టేషనులో చెప్తానన్నాను.

"ఆయనే చెప్తడు" అంది అమ్మ. "మంచోడే. భయపడ్డడు గంతే. జెర టైం పడ్తది."

"అప్పటిదాక నేను దొంగనేనా?"

"ఎవలన్నరు?"

"అందరు!"

"నేననలే గదా" అంది.

చెప్పులేసుకుని వరండా దాటి ఎదురింటి తలుపు కొట్టాను. మామే తీశాడు. గడ్డం మాసి ఉంది. మనిషి సగమయ్యాడు. ఏమనాలో మాటలన్నీ పేర్చుకుని పోయానా, ఆయన నన్ను చూడగానే చిన్నప్పటినుంచి ఎప్పుడూ అడిగేదే అడిగాడు. "తిన్నవా బిడ్డా?" అలవాటున వచ్చిన మాట అది. అన్నాక తనకే తెలిసినట్టుంది, పెదవి కొరుక్కున్నాడు.

"తిన్న మామా" అని వెనక్కి వచ్చేశాను.

ఎందుకు వచ్చేశానని నన్ను నేను చాలాసార్లు ప్రశ్నించుకున్నాను. జాలిపడ్డానంటే అబద్ధం. నాకు ఆయన మీద ఇప్పటికీ కోపమే. కానీ ఆ పేరు నా నోటినుంచి బయటపడితే, అది అమ్మ నోటినుంచే వచ్చిందని లోకం అనుకుంటుంది. మా ఇంట్లో అప్పటికి బాపు లేడు, నా పేరు లేదు, ఉద్యోగం ఉందో లేదో తెలియదు. అమ్మ మాట ఒక్కటే మిగిలింది. దాన్ని కూడా నేనే తీసుకుపోయి స్టేషనులో ఒప్పజెప్పడానికి కాళ్లు రాలేదు.

వానలు మొదలయ్యాక నంబర్ల సంగతి తేలింది. మా మంచం కింద దొరికిన ఫోన్ల నంబర్లు, పోయినవాటి నంబర్లు వేరువేరు. పోయిన పెట్టె అసలు మా గోదాము జాలీ గదిలోకి వచ్చిందే లేదు. దారిలో లారీలోంచే దొంగలు దింపుకున్నారట, ఎక్కడో దొరికారు. ఆ సంగతి చెప్పడానికి పోలీసులు ఎవరూ మెట్లెక్కి రాలేదు. సోదా చేసినప్పుడు అంతమంది వచ్చారు గదా, ఏమీ లేదని చెప్పడానికి ఒక్కరైనా వచ్చి వరండాలో గట్టిగా చెప్పి ఉంటే బాగుండేది. కంపెనీ నుంచి ఇంగ్లీషులో మెయిల్ వచ్చింది. విచారణ ముగిసిందనీ, సోమవారం నుంచి రావచ్చనీ. నేను తప్పు చేయలేదన్న ముక్క అందులో ఎక్కడా లేదు. తిరిగి పోయాక నా కార్డుకు జాలీ గది తలుపు తెరుచుకోలేదు. జనం వాపసు పంపిన సరుకు చూసే చోట వేశారు. అడిగితే, ప్రస్తుతానికి సర్దుకోండి అన్నారు. ఇప్పటికీ సర్దుకునే ఉన్నాను.

కోర్టు పని కూడా అయ్యాక ఫోన్లు తీసుకుపొమ్మని స్టేషను నుంచి కబురొచ్చింది. దొరికింది మా ఇంట్లో కాబట్టి ఇచ్చేదీ మాకే. అమ్మా నేనూ పోయి సంతకం, వేలిముద్ర పెట్టి తెచ్చుకున్నాం. అమ్మ వాటిని కొంగుతో తుడిచి, పచ్చదారం పెట్టెలో చీరల కింద ఎప్పుడున్నట్టే పెట్టింది. శాలువా మడత సరిచేసింది. తాళం పగిలిపోయింది కాబట్టి మూత లేవకుండా పైన దిండు పెట్టి మంచం కిందికి తోసింది. అప్పటికి అక్కడ మిగిలింది ఆ పెట్టె ఒక్కటే. రాఖీ పున్నమి వచ్చి పోయింది. ఆ ఏడు అమ్మ రాఖీ కొనలేదు, ఎదురింటి తలుపూ తెరుచుకోలేదు.

మామ వచ్చింది ఆ తర్వాత ఒక మధ్యాహ్నం. సాంచాలు నడుస్తున్నాయి, వరండాలో ఎవరూ లేరు. చూసుకునే వచ్చాడు. గడప బయటే నిలబడ్డాడు. నా సుట్టి రోజు కాబట్టి నేనూ ఉన్నాను. అమ్మ ఏమీ అడగకుండా మంచం కిందినుంచి పెట్టె లాగి, కడికున్న దారం ముడి విప్పడం మొదలుపెట్టింది. ముడి బిగుసుకుపోయింది, గోటితో గీకి విప్పుతోంది. మామ ఆ చేతుల వంకే చూస్తున్నాడు.

"చెల్లె" అన్నాడు. మోతలో సరిగా వినపడలేదు. ఇంకోసారి అన్నాడు. "ఆ దినం నా పేరెందుకు చెప్పలేదు చెల్లె నువ్వు? నీ బిడ్డను తీస్కపోతుంటె గూడ?"

అమ్మ దారం విప్పడం అయిపోయింది. దాన్ని వేలికి చుట్టుకుంటూ తలెత్తింది.

"నువ్వే చెప్తవనుకున్న అన్నా" అంది.

మామ పెట్టె ఎత్తుకున్నాడు. వరండా దాటితే వాళ్ల ఇల్లు, అడుగులు పెద్దగా లేవు. ఆ కాస్త దూరానికి పెట్టెను రెండుసార్లు కింద పెట్టాడు. అందులో బరువేమీ లేదని నాకు తెలుసు.

మళ్లీ ఎండాకాలం వచ్చింది. మా వాళ్లు మళ్లీ ఊళ్లకు బయలుదేరారు. పెట్టెలు మా మెట్ల మీదుగానే దిగి, రెండు గల్లీల అవతల ఇంకొక ఇంటికి పోయాయి. అక్కడ ఎవరి మంచం కింద పెడుతున్నారో మాకు ఎవరూ చెప్పలేదు. అమ్మ గడపలో కూర్చుని దిగిపోతున్న పెట్టెలను చూస్తూ బీడీలు చుట్టింది. ఒకరోజు మంచం కింద ఊడుస్తూ, చీపురు గోడకు తగిలేదాకా పోనిచ్చి, "అల్కగున్నది ఊడ్వనీకె" అంది, ఊడవడం తేలికైందని. ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. ఆమెకు కనపడకుండా నీళ్ల బిందె దగ్గరికి పోయాను.

ఆ ఆదివారం ధామన్కర్ నాకాకు పోయి ఒక రేకు పెట్టె కొన్నాను. దుకాణం అతను లోపల ఏం పెడతారని అడిగితే డబ్బులు లెక్కపెట్టి చేతిలో పెట్టాను. రిక్షాలో తెచ్చి, అందరూ చూస్తుండగా, కావాలనే మెట్ల మీద చప్పుడు చేస్తూ ఎక్కించాను. తాళం వేసి మంచం కింద పెట్టాను. తాళంచెవి నా కార్డు పట్టీకి గుచ్చుకున్నాను. అమ్మ చూసింది, చాట మీద చేతులు ఆగాయి, మళ్లీ కదిలాయి.

మర్నాడు డ్యూటీ నుంచి వచ్చేసరికి ఇల్లు ఊడ్చి ఉంది. వంగి చూస్తే పెట్టె కాస్త పక్కకు జరిగి ఉంది. కదిపినప్పుడే అది ఖాళీదని ఆమె చేతులకు తెలిసి ఉంటుంది. కడికి తెల్లదారం కట్టి ఉంది. లోపల ఏముందని అమ్మ నన్ను ఇప్పటిదాకా అడగలేదు. అది ఎవరిదని ఎవరు వచ్చి అడిగినా చెప్పదు కూడా.